వైబ్రాఫోన్‌లో ఈ 'టిక్' ఎక్కడిది? తప్పు మాలెట్‌దా, నా పట్టుదా?

కొత్తనాలుగు:

నమస్తే అండీ. వైబ్రాఫోన్‌ని (లోహపు బార్లు వరసగా పేర్చిన వాద్యం) రెండు మాలెట్లతో, అంటే తల ఉన్న కర్రలతో, మూడేళ్లు వాయించి, ఎనిమిది నెలల కిందట నాలుగింటికి, చేతికి రెండు చొప్పున, మారాను. బర్టన్ గ్రిప్, అంటే కర్రలు అరచేతిలో దాటుకునే పట్టు. కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాలు) పట్టడం వరకూ పర్వాలేదు, వేళ్ల సందుల్లో చర్మం కూడా అలవాటుపడింది, ఇప్పుడు మంట లేదు. అసలు సంగతి మొన్న ఫోన్‌లో రికార్డు చేసుకుని విన్నప్పుడు బయటపడింది. మెలొడీ లైన్‌లో చాలా స్వరాల ముందు చిన్న 'టిక్' వినిపిస్తోంది, ఎవరో గోటితో రేకు మీద కొట్టినట్టు. ఆ తర్వాతే స్వరం. వాయిస్తున్నప్పుడు నా చెవికి ఇది అస్సలు తెలియలేదు, అదే ఎక్కువ బాధ.

నావి నూలు దారం చుట్టిన గట్టి మాలెట్లు, పేము కర్రలవి. మాలెట్లు మరీ గట్టివి కాబోలు అనుకుని ఊలు చుట్టిన మెత్తని సెట్ ఒకటి తెచ్చుకున్నాను. టిక్ పోయింది, దాంతోపాటు పై ఆక్టేవ్ (స్థాయి) కూడా పోయింది. కింద బార్లు బానే మోగుతున్నాయి కానీ పైన కాస్త వేగంగా వాయిస్తే దుప్పటి కప్పి కొట్టినట్టుంది, ఏ స్వరం ఎక్కడ మొదలైందో తెలియదు.

ఇక్కడే నాకు దిమ్మతిరిగింది. మా గురువుగారు నా గట్టి మాలెట్లే తీసుకుని, అదే వాద్యం మీద, అదే లైన్ వాయించారు. టిక్ లేదు. నిండుగా వచ్చింది. ఏం చేశారండీ అని అడిగితే "నువ్వు పిసికేస్తున్నావు, వదులు" అన్నారు. వదిలితే నా చేతిలో కర్రలు రెండూ ఒకదానికొకటి తగిలి కటకటలాడుతున్నాయి. నాతో నేర్చుకునే ఒకరేమో బర్టన్ వదిలేసి స్టీవెన్స్ గ్రిప్‌కి (కర్రలు దాటుకోని పట్టు) మారిపో, టోన్ దానంతటదే వస్తుంది అంటున్నారు.

బార్ల కింది గొట్టాల మీద రేకులు తిప్పి స్వరాన్ని ఊపే మోటార్ ఆఫ్‌లోనే ఉంటుంది. స్వరాన్ని మోగనిచ్చే పెడల్ వాడతాను. నేను ముందు ఏది మార్చాలి, మాలెట్లా, గ్రిప్పా, లేక చేతులా?


పేముకర్ర:

మాలెట్లు కొనడం ఇక్కడితో ఆపండి ముందు. ఈ ఊబిలో నేను పడ్డాను, నా సంచిలో పదకొండు జతలున్నాయి, వాయించేది రెండే.

మీరు బార్ మీద ఎక్కడ కొడుతున్నారో ఎప్పుడైనా చూశారా? కొడుతున్నానని అనుకునే చోటు వేరు, నిజంగా పడే చోటు వేరు. చిన్న పని చేయండి. కింది ఎఫ్ బార్ తీసుకుని, పెడల్ నొక్కి ఉంచి, ఒకే మాలెట్‌తో, ఒకే బలంతో సరిగ్గా నడిమధ్యన కొట్టండి. తర్వాత అర అంగుళం అర అంగుళం చొప్పున తాడు దూరే చోటు వైపు జరుగుతూ కొట్టండి. మధ్యలో శుభ్రంగా, ఒకటే స్వరం, కాస్త బోసిగా కూడా అనిపిస్తుంది. కొంచెం పక్కకి జరగ్గానే పైన సన్నటి మెరుపు ఒకటి కలుస్తుంది. ఇంకా జరిగితే ఆ మెరుపే మిగిలి కింది స్వరం చిక్కిపోతుంది. తాడు దగ్గరికి వచ్చేసరికి స్వరం చచ్చి, మాలెట్ తగిలిన చప్పుడే మిగులుతుంది. తాడు దాటి చివరకి వెళితే మళ్లీ మోగుతుంది గానీ పదునుగా, రేకులాగా.

దీనికి కారణం తెలిసినదే. బార్ మోగేటప్పుడు చివర నుంచి దాదాపు 22 శాతం దూరంలో రెండు చోట్ల అసలు కదలదు, తాడు దూర్చేది అందుకే అక్కడ. కదలని చోట కొట్టి మోగమంటే ఎలా మోగుతుంది? అక్కడ మీకు దక్కేది ఆ టిక్కే.

ఇప్పుడు నాలుగు మాలెట్ల సంగతి. రెండు మాలెట్లతో ఉన్నప్పుడు ఒక్కో చేతికి ఒక్క తల, చూసుకుని మధ్యలో వేసేవారు. ఒక చేతిలో రెండు తలలు పెట్టుకుని మణికట్టు ఏ కాస్త తిప్పినా లోపలి తల బార్ మధ్యలో పడి బయటి తల తాడు వైపు జారిపోతుంది. పైవరస బార్లు (పియానోలో నల్లమెట్లలాంటివి) ఒకటి, కిందివరస బార్లు ఒకటి కలిపి పట్టే కార్డ్‌లో ఇది మరీ ఘోరం. చేయి మీద కన్నేసి ఉంచితే తెలియదు. ఫోన్‌ని పైనుంచి కిందికి చూసేలా ఎక్కడైనా బిగించి, వాయించి, నెమ్మది చేసి చూడండి. చూశాక ఇక్కడ రాయండి, సిగ్గుపడకండి, నా మొదటి వీడియో చూసి నేనే ఆపేశాను.

ఇంకొకటి, ఇది చాలామంది పట్టించుకోరు. మాలెట్ తల చుట్టూ నూలు మందంగా ఉంటుంది, నెత్తి మీద కుట్లు ఉంటాయి, అక్కడ చుట్టు పలచన. కర్ర బార్‌కి కాస్త అటూ ఇటూగా సమాంతరంగా ఉంటే తల పక్కభాగం తగులుతుంది, మెత్తగా మోగుతుంది. కర్ర ఏటవాలుగా కిందికి దిగితే నెత్తి తగులుతుంది. స్టాండు మీ ఎత్తుకి సరిపోయిందా? వాద్యం కిందకుండి మీరు పొడుగైతే కర్రలు కిందికి వాలి నెత్తితోనే కొడతారు. ఆ గోటి చప్పుడు ఇదే అని నా అనుమానం.


లెక్కలమాస్టారు:

పైన చెప్పిన చోటు సంగతికి నూటికి నూరు. కానీ మిగతా ప్రశ్నకి నా జవాబు కటువుగా ఉంటుంది: గ్రిప్ టోన్ మార్చదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు గ్రిప్‌ని తిట్టడం మనవాళ్లకి అలవాటైపోయింది.

మాలెట్ తల బార్‌ని తాకేది మహా అయితే ఒకట్రెండు మిల్లీసెకన్లు, మెత్తనిదైతే ఇంకాస్త. పేము కర్ర వంగుతుంది. ఆ తాకిడి మీ వేళ్లకి తెలిసేలోపు తల లేచిపోయి ఉంటుంది. అంటే తాకే క్షణంలో మీ వేళ్లు బిగించాయా వదిలాయా అని బార్‌కి తెలియదు. బార్‌కి తెలిసేవి నాలుగే: తల ఎంత బరువు, ఎంత గట్టి, ఎంత వేగంతో వచ్చింది, ఎక్కడ పడింది.

గట్టి తల తక్కువసేపు తాకుతుంది, అందుకే పైనున్న ఓవర్‌టోన్లన్నీ (మూలస్వరంతో పాటు మోగే సన్నటి స్వరాలు) లేస్తాయి. మెత్తని తల ఎక్కువసేపు ఆనుకుని ఉంటుంది, ఆ వ్యవధిలో పై కంపనాలని అదే నొక్కేస్తుంది, కింది స్వరం ఒక్కటే మిగులుతుంది. వైబ్రాఫోన్ బార్‌ని శ్రుతి చేసేటప్పుడు రెండో కంపనాన్ని సరిగ్గా రెండు ఆక్టేవ్‌ల పైన ఉండేట్టు కింద నుంచి కోస్తారు, అంటే మూలస్వరానికి 4 రెట్లు. దీనికి చుట్టమైన చెక్క బార్ల జైలోఫోన్‌లో అది 3 రెట్లు, అందుకే దాని గొంతు వేరు. ఆ రెండో కంపనం నడిమధ్యన కదలదు, కనుకనే పేముకర్ర గారు చెప్పినట్టు మధ్యలో కొడితే బోసిగా ఉంటుంది, పక్కకి జరిగితే మెరుపు వస్తుంది.

మీ పై ఆక్టేవ్ పోవడానికీ ఇదే కారణం. పై బార్లు పొట్టివి, మూలస్వరమే చాలా ఎత్తులో ఉంటుంది. కింది బార్‌కి ఓవర్‌టోన్‌ని మాత్రమే నొక్కిన మెత్తదనం పైబార్‌కి వచ్చేసరికి మూలస్వరాన్నే నొక్కేస్తుంది. దుప్పటి అన్నారే, అది అక్షరాలా నిజం.

ఒక మెలిక ఉంది. ఒకే మాలెట్ అన్ని బలాల దగ్గరా ఒకే గట్టిదనంతో ఉండదు. మెల్లగా కొడితే బయటి నూలు మాత్రమే పనిచేస్తుంది, గట్టిగా కొడితే నూలు నలిగి లోపలి గట్టి గుండు బయటికొస్తుంది. అంచేత గట్టి మాలెట్‌ని మెల్లగా వాయించడమూ, మెత్తని మాలెట్‌ని బాదడమూ ఒకే ధ్వని ఇవ్వవు, డెసిబెల్స్ సమానంగా వచ్చినా సరే. మీ గురువుగారు వేగం తగ్గించి, బరువుతో పని కానిచ్చి ఉంటారు. మధ్యరకం గట్టిదనం, కాస్త బరువైన తల, నూలు చుట్టు. అది తీసుకోండి, గ్రిప్ గోల వదిలేయండి.


రెండుమాలెట్లు:

మాస్టారూ, మీ లెక్క తప్పని అనను గానీ చేతిలో మాలెట్ పట్టుకునేవాడికి అది సగమే. తాకే క్షణంలో వేళ్లు చేసేదేమీ లేదు, ఒప్పుకున్నాను. తాకకముందూ తాకిన తర్వాతా? వేళ్లు బిగిస్తే మణికట్టు బిగుస్తుంది, మణికట్టు బిగిస్తే మోచేయి నుంచి కొడతారు, తల వేగం మీ అదుపులో ఉండదు, ప్రతి స్వరమూ ఒకే బలంతో దిగుతుంది. మీరు చెప్పిన నాలుగింట్లో మూడోది వేగం, దాన్ని నడిపేది పట్టే కదా! తాకిన తర్వాత, బిగించిన చెయ్యి తలని పూర్తిగా లేవనివ్వదు. మెల్లగా వాయించేటప్పుడు వినండి, బిగిసిన చేతిలో తల లేచి మళ్లీ తగులుతుంది, 'డ్ర్' అని చిన్న జీర వస్తుంది. గురువుగారు "వదులు" అన్నది ఇందుకే అయ్యుంటుంది.

నా కథ చెబుతాను, నవ్వుకోండి. నాలుగేళ్లు రెండు మాలెట్లని ఎవరో లాక్కుపోతారన్నట్టు పట్టుకున్నాను. బొటనవేలి కింద కాయ కాసింది, అది సాధన గుర్తు అని గర్వంగా చూపించుకున్నాను కూడా. ఒక రోజు చలికి వేళ్లు మొద్దుబారి పట్టు నిలవక, మాలెట్లని ఊరికే చూపుడు వేలి మీద ఆనించి వదిలేస్తూ వాయించాల్సి వచ్చింది. ఆ రోజు రికార్డింగ్ నాదని నేనే నమ్మలేదు. కొట్టడం కాదండీ అది, తలని బార్ మీదికి జారవిడవడం. బంతిని నేలకేసి ఆడిస్తున్నప్పుడు బంతి లేచేదాన్ని చెయ్యి ఆపదు చూడండి, అలా.

మాలెట్ల విషయంలో నా ఇష్టం చెప్పమంటే జాజ్ వైబ్రాఫోన్ వాద్యకారుడు మిల్ట్ జాక్సన్ వైపు. ఆయన బృందం మోడర్న్ జాజ్ క్వార్టెట్ రికార్డింగులు వినండి, రెండే మాలెట్లు, మెత్తని తలలు, మోటార్ చాలా నిదానంగా తిరుగుతూ ఉంటుంది, స్వరం గొంతుతో పాడినట్టు ఊగుతుంది. ఇంకో జాజ్ వాద్యకారుడు లయనెల్ హాంప్టన్ దానికి పూర్తిగా ఎదురు, మోటార్ వేగం, దెబ్బ పదును, ఆయన డ్రమ్స్ వాయించినవాడు మరి. ఇద్దరి వాద్యాల్లోనూ ఉన్నది అవే అల్యూమినియం బార్లు. మోటార్ ఆన్ చేసి వాయించేవాళ్లకి గొట్టాల మీద తిరిగే రేకులు టోన్‌లోని గరుకుని కొంత కప్పేస్తాయి. మీరు ఆఫ్‌లో వాయిస్తున్నారు కాబట్టి దెబ్బ మొదలు ఉన్నదున్నట్టు వినిపించేస్తుంది, దాక్కోవడానికి చోటు లేదు.

ఇంకో హెచ్చరిక, అడక్కపోయినా. టోన్ ప్రయోగాలు చేస్తున్నాను కదా అని నూలూ ఊలూ లేని గట్టి ప్లాస్టిక్ జైలోఫోన్ మాలెట్లు, ఇత్తడి తలలు మాత్రం వైబ్స్ (వైబ్రాఫోన్) మీద పెట్టకండి. అల్యూమినియం మెత్తని లోహం. నేను ఒక రిహార్సల్‌లో సరదాకి కొట్టిన దెబ్బలకి రెండు బార్ల మీద సొట్టలు ఇప్పటికీ ఉన్నాయి, వాద్యం నాది కూడా కాదు.

ఆ మర్చిపోయాను, పెడల్. టిక్ అన్నారు కదా, పెడల్ పూర్తిగా నొక్కినప్పుడు మోత ఆపే మెత్తటి పట్టీ, డ్యాంపర్ ఫెల్ట్, బార్ల నుంచి పూర్తిగా విడిపోతోందా? ఒక మూల ఆనుకుని ఉంటే స్వరం మొదట్లోనే నలిగి, దెబ్బ చప్పుడు ఒక్కటే పైకి తేలుతుంది. మాలెట్‌ని తిట్టే ముందు ఒకసారి వంగి చూడండి.


మోటార్‌ఆఫ్:

స్టీవెన్స్‌కి మారమన్న సలహా మీద నాలుగు మాటలు. టోన్ కోసం గ్రిప్ మార్చకండి. రెండింటి తేడా వేరే చోట ఉంది.

బర్టన్‌లో రెండు కర్రలూ అరచేతిలో ఒకదాని మీద ఒకటి దాటుకుంటాయి, ఆ దాటే చోటుని చివరి రెండు వేళ్లు పట్టి ఉంచుతాయి, బయటి కర్ర చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ నుంచి వెళుతుంది. దాంతో చెయ్యి మొత్తం బరువు ఒక్క మాలెట్ వెనక పెట్టగలరు, లైన్ బలంగా వస్తుంది. గ్యారీ బర్టన్ ఈ పట్టుతోనే పియానోలాగా కార్డ్సూ మెలొడీ కలిపి, మోటార్ దాదాపు ఎప్పుడూ ఆపేసి వాయించాడు. స్టీవెన్స్‌లో కర్రలు దాటుకోవు, బయటిది చివరి రెండు వేళ్లలో, లోపలిది బొటనవేలు చూపుడువేలు మధ్య. రెండింటినీ విడివిడిగా తిప్పొచ్చు, దూరాలు పెద్దవి పట్టొచ్చు. లీ హోవర్డ్ స్టీవెన్స్ దాన్ని తీర్చిదిద్దింది మరింబా (చెక్క బార్ల పెద్ద వాద్యం) కోసం. మరింబాలో కింది బార్లు వెడల్పు, చెయ్యి బార్లా చాపాలి. వైబ్స్‌లో మామూలుగా ఎఫ్ నుంచి ఎఫ్ దాకా మూడు ఆక్టేవ్‌లే, బార్లు సన్నం, ఆ చాపు అంత అవసరం పడదు. వైబ్స్ మీద స్టీవెన్స్‌తో అద్భుతంగా వాయించేవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ ఎనిమిది నెలలు పెట్టిన బర్టన్‌ని టిక్ కోసం పారేసి మళ్లీ మొదటికి రావడం తెలివైన పని కాదు. ఆ టిక్ కొత్త గ్రిప్‌లోకి కూడా మీ వెంటే వస్తుంది.

కటకట గురించి. కర్రలు దాటే చోట వదులైతే తగులుకుంటాయి, అందరికీ ఉన్న గొడవే. గురువుగారు వదలమన్నది బొటనవేలినీ చూపుడువేలినీ అనుకుంటాను. చివరి రెండు వేళ్లూ దాటే చోటుని పట్టుకునే ఉండాలి, పిసకక్కర్లేదు, పిట్టపిల్లని పట్టుకున్నంత. మీరు అన్ని వేళ్లూ ఒకేసారి వదిలి ఉంటారు, అప్పుడు కటకట రాక ఏమవుతుంది!

మాలెట్లు నాలుగూ ఒకే గట్టిదనం ఉండాలని ఎవరూ రాసిపెట్టలేదు. ఎడమ నుంచి 1, 2, 3, 4 అని లెక్కపెడితే నేను 1లో మెత్తనిది, 2, 3ల్లో మధ్యరకం, 4లో ఒక మెట్టు గట్టిది పెడతాను. కింది బార్లకి మెత్తన కావాలి, పై స్వరం పలకాలంటే గట్టిదనం కావాలి, రెండూ తీరతాయి. మెలొడీ ఏ మాలెట్లతో తీస్తారన్న దాన్ని బట్టి ఇది మారుతుంది. కొందరు 2, 3తో, కొందరు 2, 4తో తీస్తారు. లైన్ తీసే రెండూ మాత్రం దగ్గర దగ్గరగా ఉండాలి, లేదంటే ఒక స్వరం వెలుగులో ఒకటి నీడలో ఉన్నట్టు వినిపిస్తుంది.

మాలెట్ ఎంచుకునేటప్పుడు ఎవరూ చెప్పనిది ఇంకోటుంది, డ్యాంపెనింగ్. పెడల్ పట్టి ఉంచి, అయిపోయిన స్వరాన్ని మాలెట్ తలతో బార్ మీద అద్ది ఆపుతాం కదా. గట్టి తలతో అద్దితే అది కూడా 'టిక్' అంటుంది, ముఖ్యంగా ఇంకా మోగుతున్న బార్ మీద పడితే జర్రుమంటుంది. మీ టిక్‌లలో కొన్ని ఇవే కావొచ్చు! మెత్తనిదైతే దూది పెట్టి నొక్కినట్టు ఆగుతుంది. అందుకే నేను లైన్‌కి కావాల్సినంత గట్టిది, డ్యాంపెనింగ్‌కి సహించేంత మెత్తనిది, ఆ మధ్యలో ఎక్కడో ఆగుతాను. గట్టి సెట్ ఒకటి ఉంచుకుంటాను, పెద్ద బ్యాండ్‌లో ట్రంపెట్ల వెనక నిలబడ్డప్పుడు తప్ప బయటికి తీయను.

కర్రల్లో పేముదే నా ఓటు. బర్చ్ కర్ర నిటారుగా, బిగువుగా ఉంటుంది, మరింబావాళ్లు ఎక్కువ ఇష్టపడతారు, తల ఎక్కడుందో చేతికి స్పష్టంగా తెలుస్తుంది. పేము కాస్త వంగుతుంది, దెబ్బ వెనక చిన్న కొరడా ఊపు ఇస్తుంది. ఒకటి గమనించండి, పేము కర్రల్లో సహజంగానే వంపులుంటాయి, వంపు ఎటు తిరిగి ఉందో దాన్ని బట్టి తల పడే చోటు ఓ సెంటీమీటరు జరుగుతుంది. చేతిలోకి తీసుకోగానే ఒకసారి తిప్పి చూసుకోండి.


లెక్కలమాస్టారు:

రెండుమాలెట్లు గారూ, వేగాన్ని నడిపేది పట్టేనన్న మాటకి తలొంచాను. మళ్లీ తగలడం కూడా నిజమే, అది నేను రాయలేదు. ఇంకో చిన్న ముక్క నేనే ఒప్పుకోవాలి: కర్రని తలకి బాగా దగ్గరగా, బిగించి పట్టుకుంటే కర్ర బరువూ చెయ్యి బరువూ కొంత తలకి తోడవుతాయి, బర్చ్ అయితే ఇంకాస్త. చివర పట్టుకుని పేముతో వాయిస్తే తల ఒంటరిగా వెళ్లి వస్తుంది. తేడా చిన్నదే, కానీ లేదని అన్నాను, అది తప్పు.

మద్దెల సామెత మాత్రం వెనక్కి తీసుకోను.


కొత్తనాలుగు:

అందరికీ చాలా థాంక్స్. నాలుగు రోజులు పట్టింది, ఒక్కొక్కటీ చూశాను.

వీడియో మొదట. పేముకర్ర గారు సిగ్గుపడొద్దన్నారు గానీ పడ్డాను. కుడి చేతి బయటి మాలెట్, అంటే 4, కిందివరసలో బానే ఉంది. పైవరస బార్ల మీదికి వెళ్లిన ప్రతిసారీ తాడు మీదే పడుతోంది, పదిలో ఏడెనిమిదిసార్లు. నేను వాటి మధ్యలోనే కొడుతున్నానని ప్రమాణం చేసి ఉండేవాణ్ని. వేగం ఉన్నచోట మధ్యదాకా చెయ్యి చాపలేక ముందుకొచ్చి తాడు దగ్గర ఆగుతున్నానన్నమాట. ఇప్పుడు సగం దూరంలో ఆగడం మానేసి, నిదానమైన చోట్ల మధ్యలో, వేగం ఉన్నచోట్ల పూర్తిగా ముందు అంచు మీద వేస్తున్నాను. అంచు మీద కాస్త పదునుగా ఉంది కానీ స్వరం ఉంది, చచ్చిన చప్పుడు కాదు.

స్టాండు సంగతి. నా కన్నా పొట్టివాళ్లు కూడా అదే వాద్యం మీద నేర్చుకుంటారు, వాళ్ల ఎత్తుకి దించి ఉంది, నేను ఎనిమిది నెలలుగా అలాగే వంగి వాయిస్తున్నాను. రెండు కన్నాలు పైకి లేపాను. మాలెట్ తలలు వెలుతురులో తిప్పి చూశాను, నెత్తి దగ్గర నూలు నలిగి నున్నగా మెరుస్తోంది, పక్కన మాత్రం కొత్తగా ఉంది. ఇంకేం రుజువు కావాలి! గురువుగారిది నాకన్నా చాలా తక్కువ ఎత్తు, ఆయన చేతిలో అవే మాలెట్లు పక్కభాగంతో తగిలి ఉంటాయి. ఆయన చేతి మహిమ అని అనుకున్నదాంట్లో రెండు అంగుళాలు స్టాండుదే.

ఫెల్ట్ చూశాను, అది సరిగానే ఉంది.

వదలడం ఇంకా రాలేదు. చివరి రెండు వేళ్లు పట్టి, పై రెండు వేళ్లు వదిలితే కటకట చాలావరకు తగ్గింది, కానీ కార్డ్ వెడల్పు చేయడానికి బొటనవేలిని కర్రల మధ్యకి తెచ్చినప్పుడల్లా మళ్లీ పిసికేస్తున్నాను. డ్యాంపెనింగ్ టిక్‌లు కూడా ఉన్నాయి, మోటార్‌ఆఫ్ గారు చెప్పాక వింటే పాటలో టిక్‌లలో మూడోవంతు అవే. ఇన్నాళ్లూ అన్నీ ఒకటే అనుకున్నాను.

మాలెట్ల మాటకొస్తే గట్టి సెట్టుని 4లో ఒక్కటే ఉంచి, మిగతా మూడింటికి మధ్యరకం నూలు మాలెట్లు ఒకరి దగ్గర అరువు తెచ్చుకుని వాయిస్తున్నాను. పై ఆక్టేవ్ తిరిగొచ్చింది. అయితే లైన్ నేను 2, 4తో తీస్తాను కాబట్టి ఆ వెలుగు నీడ తేడా వినిపిస్తోంది. దీనికేం చేయాలి?


మోటార్‌ఆఫ్:

4లో కూడా మధ్యరకమే పెట్టండి, రెండు వారాలు. పై స్వరాల్లో గట్టిదనం తగ్గిన చోట బార్ మధ్య నుంచి కొంచెం పక్కకి జరిగి కొట్టండి, మాస్టారు చెప్పిన ఆ రెండో కంపనం లేచి మెరుపు అదే ఇస్తుంది. తాడు దాకా వెళ్లకుండా, మధ్యకీ తాడుకీ సగం దారిలో. అప్పటికీ చాలకపోతే 2, 4 రెండింట్లోనూ ఒక మెట్టు గట్టివి పెట్టి 1, 3ల్లో మధ్యరకం ఉంచండి. కార్డ్‌లో లోపలి స్వరాలు కాస్త వెనక్కి వెళ్లి మెలొడీ ముందుకొస్తుంది, నాకైతే అది ఇష్టమే కూడా.

బొటనవేలి పిసుకుడుకి: వాద్యం దగ్గర కాదు, ఖాళీగా కూర్చున్నప్పుడు రెండు మాలెట్లు ఒక చేత్తో పట్టి వెడల్పు చేస్తూ మూస్తూ ఉండండి. వెడల్పు అయ్యాక బొటనవేలు అక్కడ ఆని ఉంటే చాలు, నెట్టక్కర్లేదు.


పేముకర్ర:

నెత్తి నలిగిన మాలెట్లు పారేయకండి. నూలు విప్పి మళ్లీ చుట్టుకోవచ్చు, లోపలి గుండు బాగుంటే కొత్తవాటిలా మోగుతాయి. మొదటిసారి చుట్టినప్పుడు నావి ఒకటి ఉల్లిపాయలా ఒకటి కోడిగుడ్డులా వచ్చాయి, మూడోసారికి కుదిరాయి. దారం బిగువు నాలుగింటికీ ఒకేలా ఉండాలి, అదే కష్టం. ఎక్కువ లాగి చుడితే అదే గుండుతో మాలెట్ ఒక మెట్టు గట్టిదైపోతుంది. 4లో వేరేది కొనే ముందు ఆ దారితో కూడా ఆడి చూడొచ్చు.


కొత్తనాలుగు:

ఇవాళ మళ్లీ రికార్డు చేశాను, నాలుగూ మధ్యరకం, స్టాండు పైన. మెలొడీలో టిక్ రెండు చోట్ల మాత్రమే ఉంది. ఒకటి డ్యాంపెనింగ్. రెండోది పైవరసలో బి ఫ్లాట్, మళ్లీ తాడు మీద.